సెలవు నుంచి తిరిగి వచ్చిన మూడో రోజు

2019 జూన్‌లో చెల్లెలి పెళ్లి చేసి, రెండు నెలల సెలవు ముగించుకుని దోహాలో దిగాను. అప్పటికి ఖతార్‌లో నాలుగు వేసవులు చూసినవాణ్ణి. స్లాబు కాంక్రీటులో ఉండే ఇనుప సలాకలను తీగతో కట్టే పని నాది. సైటులో మమ్మల్ని స్టీల్ ఫిక్సర్లు అంటారు. దిగిన మర్నాడే పనికి వెళ్లాను. పెళ్లికి చేసిన అప్పు ఉంది, ఓవర్‌టైమ్ కావాలి, పైగా ఎండ నాకు కొత్త కాదనుకున్నాను. మూడో రోజు పొద్దున పదిన్నరకు స్లాబు మీద పడిపోయాను.

పిక్కలు పట్టేయడం, తల బరువెక్కడం వరకు గుర్తుంది. తర్వాతి సంగతి పక్కన పనిచేసే నేపాలీ తమ్ముడు చెప్పాడు. కట్టిన ముడి మీదే మళ్లీ మళ్లీ తీగ చుడుతున్నానట. ఏమైందని అడిగితే తెలుగులో జవాబు చెప్పానట. అతనికి తెలుగు రాదు, మూడేళ్లుగా మేం మాట్లాడుకునేది హిందీలోనే. ఆ తేడా పట్టుకుని అతను కేకలు వేశాడు.

సూపర్‌వైజర్ నా నుదురు తాకి, జ్వరమని పారాసెటమాల్ తెమ్మన్నాడు. తమ్ముడు ఆగలేదు. నన్ను నీడకు లాగి, కవరాల్ విప్పి, తాగునీటి కూలర్‌లోని ఐసు నీళ్లు మెడ మీద, చంకల్లో, తొడల మధ్య కుమ్మరించాడు. ఇద్దరు అట్టముక్కలతో విసిరారు. అంబులెన్స్ వచ్చేదాకా అలా పోస్తూనే ఉన్నారు. క్లినిక్‌లో చూసేసరికి 39.8 డిగ్రీలు. నీళ్లు పోయకముందు ఎంత ఉండేదో ఎవరూ కొలవలేదు.

రెండు రోజుల తర్వాత మలయాళీ డాక్టరు ఒకాయన నా మంచం పక్కన కూర్చుని ఓపికగా చెప్పిన మాటలు ఈ రోజుకీ నా పనికి ఆధారం. జ్వరం వేరు, వడదెబ్బ వేరు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని 37 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. రోగం వచ్చినప్పుడు ఆ గీతను మెదడే పైకి జరుపుతుంది, అందుకే వేడి పెరుగుతున్నా చలితో వణుకుతాం. పారాసెటమాల్ ఆ గీతను కిందికి దించుతుంది. వడదెబ్బలో గీత ఎక్కడిదక్కడే ఉంటుంది. వేడిని బయటికి పంపే శక్తి శరీరానికి చాలదు. అక్కడ మాత్ర పనిచేయదు, కాలేయానికి కీడు కూడా చేయవచ్చు. చల్లబరచడమే మందు, అదీ నిమిషాల్లో. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. తడబడే మాట, అయోమయం కనిపిస్తే ఒళ్లు చెమటతో తడిసి ఉన్నా వడదెబ్బగానే చూడాలి. చెమట ఆగితేనే ప్రమాదమని మా క్యాంపులో అందరూ నమ్మేవారు. నాకు ఆ రోజు చెమట ధారగా కారుతూనే ఉందట.

"నాలుగేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను డాక్టరుగారూ, నాకే ఎందుకు ఇలా అయింది?" అని అడిగాను.

"రెండు నెలలు ఊళ్లో ఏం పని చేశావు?" అన్నారాయన.

పెళ్లి పనులు తప్ప ఏమీ చేయలేదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఏప్రిల్, మే నెలల్లో అక్కడి ఎండ ఏమీ తక్కువ కాదు. కానీ ఆ ఎండలో నేను కష్టపడలేదు. మోటారు సైకిలు మీద తిరిగాను, మధ్యాహ్నం కూలర్ ముందు పడుకున్నాను. ఎండలకు అలవాటు పడటం అంటే ఎండ ఉన్న ఊళ్లో ఉండటం కాదని అప్పుడు తెలిసింది. వేడిలో ఒళ్లు వంచి పనిచేస్తేనే శరీరం నేర్చుకుంటుంది.

అది నేర్చుకునే తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. కొత్తగా వచ్చినవాడికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, అందువల్ల చర్మానికీ కండరాలకీ ఒకేసారి రక్తం పంపడం గుండెకు తేలికవుతుంది. చెమట తొందరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కొత్తవాళ్ల నీలం కవరాల్ మీద సాయంత్రానికి తెల్లటి ఉప్పు చారలు పటాల్లా తేలతాయి. పది పన్నెండు రోజుల తర్వాత అంతే చెమట పట్టినా ఆ చారలు పలుచబడతాయి. పోతున్న ఉప్పును స్వేదగ్రంథులే వెనక్కి లాక్కుంటున్నాయన్నమాట. ఎవరూ చెప్పకుండానే ఒళ్లు చేసుకునే పొదుపు ఇది. అయితే పని మానేస్తే వారానికే ఈ నేర్పు తగ్గడం మొదలవుతుంది, నెల దాటితే దాదాపుగా పోతుంది. నేను రెండు నెలల తర్వాత వచ్చి, పాత మేస్త్రీలా మొదటి రోజే పది గంటలు పనిచేశాను. ఆ రోజుకు నా ఒళ్లు కొత్తగా వచ్చిన కుర్రవాడి ఒళ్లే.

గాలిలో తేమ సంగతి కూడా నాకు అప్పుడే అర్థమైంది. మా బాపు వేసవిలో పొలానికి మట్టి కుండతో నీళ్లు తీసుకెళ్లేవాడు. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాక్కుపోతుంది. అదే కుండ ముసురు పట్టిన రోజున చల్లబడదు, చుట్టూ ఉన్న గాలికి ఇంకా నీటిని తీసుకునే చోటు ఉండదు. మనిషి ఒళ్లూ అలాంటి కుండే. గాలి చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు వేడి బయటికి పోయే దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది. కానీ ఆవిరి కావాలి. గడ్డం మీంచి చుక్కలుగా రాలిన చెమట ఒంటిలోని నీటినీ ఉప్పునూ తీసుకుపోతుందే తప్ప చల్లబరచదు. జగిత్యాల ఎండ పొడి ఎండ. దోహాలో సముద్రపు గాలి తిరిగిన రోజు థర్మామీటరు 38 చూపినా, పొడిగా ఉన్న 45 కన్నా అది ఎక్కువ కష్టం.

లోపల పుట్టే వేడి మరొకటి. కండరం ఖర్చు చేసే శక్తిలో నాలుగింట మూడు వంతులు వేడిగానే మారుతుంది. బరువైన సలాకలు మోస్తూ గంటసేపు చేసిన పనిలో పుట్టే వేడి బయటికి పోకపోతే ఒంటి ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది. మనం బతికున్నామంటే ఆ గంటంతా వేడి బయటికి పోతూ ఉందన్నమాట.

కోలుకున్నాక సేఫ్టీ శిక్షణ తీసుకున్నాను, ఇప్పుడు ఆ విభాగంలోనే సహాయకుణ్ణి. చదువుకుంటున్నప్పుడు ఒక విషయం నన్ను కదిలించింది. లోపలి స్థితిని నిలకడగా ఉంచుకునే ఈ గుణానికి హోమియోస్టాసిస్ అని 1926లో పేరు పెట్టిన వాల్టర్ కానన్ హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆచార్యుడు. అవే ఏళ్లలో అదే కళాశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. 1923లో బోస్టన్ చేరిన ఆయన కడుపు నింపుకోవడానికి ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరుగా పనిచేశారు. ఆయన పేరు చదివినప్పుడల్లా ఆ రాత్రి డ్యూటీ నాకు గుర్తుకు వస్తుంది.

ఖతార్‌లో ఎండ వేళ పని ఆపాలన్న నియమం 2007 నుంచి ఉంది. నేను పడిపోయిన ఏడాది అది జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు, పదకొండున్నర నుంచి మూడింటి వరకు. 2021లో దాన్ని జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు, పది నుంచి మూడున్నర వరకు పెంచారు. ఎండనూ తేమనూ గాలినీ కలిపి చూసే కొలత 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలని కూడా చేర్చారు. ఇది మంచి నియమం, ఎన్నో ప్రాణాలు కాపాడేది. కానీ గడియారానికి ఎండ సంగతి తెలుసు, నిన్నగాక మొన్న విమానం దిగినవాడి సంగతి తెలియదు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టిన కొత్తవాడు తొమ్మిదింటికే పడిపోవచ్చు.

అందుకే నేను పట్టుబట్టేది ఒక్కదాని మీద. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశోధించే సంస్థ ఒక లెక్క ఇచ్చింది: కొత్తవాడు మొదటి రోజు వేడిలో మామూలు పనిలో ఐదో వంతే చేయాలి, తర్వాత రోజుకు ఐదో వంతు చొప్పున పెంచాలి. సెలవు నుంచి వచ్చిన పాతవాడికి మొదటి రోజు సగం, తర్వాత 60 శాతం, 80 శాతం, నాలుగో రోజుకు పూర్తి పని. ఈ కాగితం పట్టుకుని ఫోర్‌మన్ల చుట్టూ తిరుగుతాను. మిగిలిన గంటల్లో నీడలో తీగ కత్తిరించే పని, సామాను లెక్క పెట్టే పని ఇప్పించమంటాను, జీతం కోయవద్దంటాను. కొందరు వింటారు. కొందరు స్లాబు గడువు చూపిస్తారు. మా కుర్రవాళ్లే అడ్డుపడే సందర్భాలూ ఉన్నాయి. ఏజెంటుకు లక్షకు పైగా అప్పు చేసి వచ్చినవాడికి నీడలో కూర్చోవడం అవమానంలా, నష్టంలా అనిపిస్తుంది. ఆ భయం నాకు తెలుసు కాబట్టి వాళ్లను కోప్పడలేను.

నీళ్ల దగ్గరా ఇదే పోరు. దాహం ఆలస్యంగా వేస్తుంది. అప్పటికే మెదడు నుంచి కబురు అంది మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచడం మొదలుపెట్టి ఉంటాయి. మూత్రం ముదురు పసుపులో వస్తే అదే ఆ కబురు. ఏళ్ల తరబడి అలాగే పనిచేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మరుగుదొడ్డి దూరంగా ఉందని, వెళ్లి వస్తే మాట పడాల్సి వస్తుందని నీళ్లు తాగని మగవాళ్లను నేను రోజూ చూస్తాను. దొడ్డి దగ్గరగా పెట్టించడానికి ఒక సైటులో నాకు ఐదు నెలలు పట్టింది. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగడమూ సరికాదు, రక్తంలో ఉప్పు పలుచబడుతుంది. మావాళ్లకు ఓఆర్ఎస్ రుచి నచ్చదు. ఇక్కడ దొరికే లబాన్‌లో నీళ్లు కలిపి ఉప్పు వేస్తే మన మజ్జిగే, కాదనకుండా తాగుతారు.

ఈ జూన్‌లో నిజామాబాద్ జిల్లా నుంచి ఇరవై రెండేళ్ల అబ్బాయి వచ్చాడు. మొదటి మూడు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. "అన్నా, నేను చేయగలను. అందరి ముందు నన్నెందుకు నీడలో కూర్చోబెడుతున్నారు?" అన్నాడు. నా 2019 సంగతి చెప్పాను. అప్పటి నుంచి రోజూ సాయంత్రం తానే వచ్చి కవరాల్ వీపు చూపిస్తున్నాడు. నిన్న ఉప్పు చారలు సన్నబడ్డాయి. ఈ ఉదయం ప్లయర్ అందుకుని నాలుగు ముడులు వేశాడో లేదో, నుదుటి మీద చెమట మెరిసింది. పుస్తకంలో అతని పేరు ఎదురుగా రాసుకున్నాను: తొమ్మిదో రోజు.