మా వెనక అర్రల రేడాన్ ఎంతుంది?

మా బావ అమెరికాల ఇల్లు కొనేటప్పుడు ఇంట్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే రేడాన్ గ్యాస్ ఎక్కువుందని టెస్టుల తేలి, అమ్మినాయనతోనే నేల స్లాబుకు బొక్క కొట్టించి ఆ గ్యాస్ బయటికి పోయేటట్టు పైపు, ఫ్యాన్ పెట్టించిండు, అప్పటిసంది ఆయనకు ఇదే ముచ్చట. ఈ చలికాలం దేవరకొండకు వస్తూ ఒక చిన్న మీటర్ తెచ్చిండు, "మీరు కట్టుకున్నదే రాతి నేల మీద, ఇక్కడ గూడ చూద్దాం" అని.

రేడాన్‌కు రంగు, వాసన ఉండయి. మట్టిల, రాళ్లల్ల ఉన్న యురేనియం కాలక్రమంల రేడియం అయితది, దాన్నుంచి ఈ గ్యాస్ పుడ్తది, బండల సందులు, పైపుల పక్క గ్యాపుల నుంచి ఇంట్లకొస్తది. లంబాపూర్, పెద్దగట్టు దిక్కు యురేనియం ముచ్చట మనకు కొత్త గాదు, నల్లమలల యురేనియం తవ్వొద్దని 2019ల అసెంబ్లీలనే తీర్మానం చేసిండ్రు. అట్లని మన ఇంట్ల రేడాన్ ఎక్కువున్నట్టు కాదు, పక్కపక్క ఇండ్లకే తేడా ఉంటది, కొలిస్తెనే ఎరుక.

కొల్చుడే పెద్ద కథ. కొద్ది రోజుల టెస్టు అయితే, దానికి 12 గంటల ముందు నుంచి, అది అయిపోయే దాక కిటికీలు, తలుపులు మూసే ఉంచాలె. మన ఇండ్లల్ల అయితదా? అమ్మ తెల్లారకముందే తలుపులు బార్లా తీస్తది. "ఏంది అల్లుడా, నీ డబ్బా కోసం వాకిట్ల సాన్పి గూడ చల్లొద్దా" అన్నది. "చల్లుండ్రి అత్తమ్మా, పోయి రానీకి తీయొచ్చు, తీసి పెట్టొద్దు గంతే" అన్నడు బావ. కూలర్ అయితే బయటి గాలినే లోపలికి గుంజుతది, అందుకే ఎండకాలంల ఈ టెస్టు పెట్టి లాభం లేదు. మీటర్‌ను వంటింట్ల, బాత్రూంల పెట్టొద్దు, మనుషులు పండుకునే అర్రల, కిటికీకి ఫ్యాన్‌కు దూరంగ, నేల మీద గాకుండ స్టూల్ మీద పెట్టాలె.

అంకెలు చూస్తే మొదట నాకేం అర్థం గాలె. పొద్దుగాల ఎక్కువ, మధ్యాహ్నం తలుపులు తీస్తె సగం. రేడియేషన్‌ను బావ అమెరికా లెక్కల పికోక్యూరీలల్ల చెప్తడు, అక్కడ లీటరు గాలికి 4 దాటితే బాగు చేయించుకోవాలె, అంటే ఇంకో కొలతల క్యూబిక్ మీటరుకు 148 బెకెరెల్. డబ్ల్యూహెచ్‌వో అయితే 100 అంటది, అది కుదరని దేశాల్ల గూడ 300 దాటొద్దంటది. 100 లోపల ఉంటె భయమే లేదని కాదు, తక్కువ అని. ఒక్కరోజు అంకె చూసి గుండెలు బాదుకునే పని లేదు, మనకైతే మూడు నెలలు, ఏడాది మామూలుగ ఉంటనే కొలిచిన సగటే అసలైనది, ఎందుకంటే మనం బతికేది తలుపులు తీసుకునే గద.

ముందటి అర్రల సగటు 70 చిల్లర బెకెరెల్, మంచిగనే ఉంది. వడ్ల బస్తాలు పెట్టే వెనక అర్రకు కిటికీ ఉన్నా ఎప్పుడూ తీయం, అక్కడ 160 దాటింది. వడ్లకు క్యాన్సర్ రాదు గానీ చలికాలం బాపు పండుకునేది అక్కడనే, పైగా బీడీ. రేడాన్‌కు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రెండూ కలిసి చానా పెరుగుతదట. బీడీ మానమంటే వినడు, మంచం మాత్రం ముందటి అర్రలకు జరిపినం. వెనక కిటికీకి అడ్డమున్న బస్తాలు తీసి, బండల సందుల్ల సిమెంట్ పూయించి, మీటర్ అక్కడనే పెట్టినం. "ఉగాది దాక దీన్ని ఇక్కడనే ఉండనియ్యి బావా" అన్న, సరే అన్నడు.