దుప్పటి అంచు నేలను తాకాలి

డల్లాస్ చుట్టుపక్కల పెరట్లో టమాటా వేసేవాళ్లకు ఏడాదికి రెండుసార్లు చలి భయం తప్పదు. ఇక చలి పోయిందనుకొని మార్చిలో నారు నాటిన తరువాత ఒకసారి. వేసవి వేడికి పూత రాలిపోయిన మొక్కలు శరత్కాలంలో మళ్లీ విరగకాసి, కాయలు ఇంకా పచ్చిగా ఉండగానే నవంబరులో తొలి ఫ్రాస్ట్ (ఆకుల మీద మంచు పేరుకునే చలి) హెచ్చరిక వచ్చినప్పుడు మరోసారి.

నేను మొదటిసారి వేసిన ఆరు మొక్కలూ అటువంటి నవంబరు రాత్రే పోయాయి. కనిష్ఠ ఉష్ణోగ్రత 34 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 1 డిగ్రీ సెల్సియస్ ఉంటుందని చూసి, పాత దుప్పట్లు తెచ్చి ఒక్కొక్క మొక్కకూ చుట్టి, కాండం దగ్గర తాడుతో బిగించి, నిశ్చింతగా పడుకున్నాను. తెల్లవారి విప్పి చూస్తే ఆకులు ఉడికిన తోటకూరలా ముదురు రంగుకు తిరిగి, తడితడిగా వేలాడుతున్నాయి. మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. ఆకులోని నీరు గడ్డకట్టి కణాలు చిట్లిపోతే కనిపించే రూపం అది.

ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే సున్నా సెల్సియస్‌కు దిగకపోయినా ఆకు ఎందుకు గడ్డకట్టిందన్న ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. వాతావరణ కేంద్రం చెప్పే అంకె నేలకు ఇంచుమించు మనిషి ఎత్తున ఉన్న గాలిది. మబ్బు, గాలి లేని రాత్రి నేల, ఆకులు తమ వేడిని ఆకాశంలోకి వదులుకుంటూ చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడతాయి. బరువైన చల్లగాలి కూడా నేలబారుగా చేరుతుంది. అందుకే 36 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 2 సెల్సియస్) అని చెప్పిన రాత్రి కూడా ఆకుల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి మంచు పేరుకోవచ్చు. నక్షత్రాలు మిలమిలలాడుతూ ఆకు కదలని రాత్రినే నేను ఎక్కువగా అనుమానిస్తాను.

ఇక నా అసలు తప్పు ఆ తాడు. దుప్పటి కప్పుకుంటే మనం వెచ్చబడేది మన ఒంటి వేడి వల్ల. మొక్కకు ఆ వేడి లేదు. పగలంతా ఎండను తాగిన నేల రాత్రి మెల్లగా వదిలే వేడే దానికి ఆధారం. కాండం దగ్గర బిగించి నేను ఆ వేడిని పైకి రాకుండా ఆపేశాను.

ఇప్పుడు హెచ్చరిక వచ్చిన రోజు ఉదయమే మొదళ్ల దగ్గర పరిచిన ఎండుగడ్డిని పక్కకు లాగి నీళ్లు పెడతాను. తడినేల పొడినేలకన్నా ఎక్కువ వేడిని దాచుకుంటుంది. పొద్దు గుంకకముందే నాలుగు కర్రలు పాతి, వాటిమీద దుప్పటిని గుడారంలా పరచి, అంచులు నేలను తాకేలా దించి, చుట్టూ ఇటుకలు పెడతాను. ప్లాస్టిక్ పట్టా ఆకును తాకితే తాకినచోటల్లా మాడుతుంది కాబట్టి దానిని దుప్పటి పైనే వేస్తాను. ఎండలో పెట్టి ఉంచిన నీళ్ల క్యాన్లు రెండు లోపల చేర్చితే మరికొంత ఆసరా. ఉదయం మంచు కరిగాక అన్నీ తీసివేయాలి, లేకపోతే ఎండకు లోపల ఉడికిపోతాయి.

ఈ ఏర్పాటు కాపాడేది కొద్ది డిగ్రీల మేరకే. రాత్రంతా 28 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు మైనస్ 2 సెల్సియస్) దగ్గర ఉంటుందంటే నేను మొక్కతో పోరాడను, కాయలు కోసేస్తాను. ముందు ఒక కాయను అడ్డంగా కోసి చూస్తాను: గింజలు కత్తికి తెగకుండా జిగురులో పక్కకు జారితే ఆ ఈడు కాయలు ఇంట్లో పండుతాయి. వాటిని అరటిపండుతో కలిపి అట్టపెట్టెలో పెడతాను, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టను. గింజ తెగిన లేతకాయలు పచ్చడికి.

మార్చి నారుది వేరే ఇబ్బంది. మంచు పడకపోయినా నేల చల్లగా ఉంటే వేరు భాస్వరాన్ని సరిగా తీసుకోలేదు. ఆకు అడుగున ఊదారంగు తేలి, మొక్క ఎదగక అలాగే నిలిచిపోతుంది. అందుకే రాత్రులు 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు (10 సెల్సియస్) దిగుతున్నంతకాలం, పక్కవాళ్లందరూ నాటేసినా సరే, నా నారు కుండీలను సాయంత్రం కాగానే గ్యారేజీలోకి చేరుస్తూనే ఉంటాను.