పాత 8051 కోడ్‌ను కొత్త చిప్‌కు మార్చిన నా అనుభవం

నిన్న సాయంత్రం కొత్త బోర్డు సరైన అంకె చూపించింది. ఆ ఊరట తగ్గకముందే ఇది రాస్తున్నాను.

8051 అనే పాతతరం మైక్రోకంట్రోలర్ చిప్ మీద ఏళ్ల తరబడి నడుస్తున్న ఒక ఉష్ణోగ్రత కంట్రోలర్ ప్రోగ్రామ్‌ను ఆర్మ్ కార్టెక్స్-ఎమ్ అనే కొత్తతరం చిప్‌కు మార్చాలి. రాసినవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు, కోడ్‌లో వివరణ అనే మాటే లేదు. వర్చువల్ మెషీన్‌లో విండోస్ ఎక్స్‌పీ పెట్టి, 8051 కోసం ఉన్న పాత కైల్ సి51 కంపైలర్‌తో (సి కోడ్‌ను చిప్ భాషలోకి మార్చే సాధనం) కోడ్‌ను ఉన్నదున్నట్టు బిల్డ్ చేశాను. వచ్చిన హెక్స్ ఫైలు (చిప్‌లోకి ఎక్కించే ఫైలు), చిప్‌లో ఉన్నదీ బైటు తేడా లేకుండా సరిపోయాకే మార్పులు మొదలుపెట్టాను. ఇది చేయకుండా ఒక్క లైను కూడా ముట్టుకోకండి. కాసేపు ఆగడానికి ఊరికే తిరిగే డిలే లూపుల స్థానంలో టైమర్ పెట్టడం సులువుగానే అయిపోయింది.

అసలు పరీక్ష ఈప్రోమ్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) దగ్గర వచ్చింది. పాత బోర్డులో దాచిన సెట్‌పాయింట్ (నిలపాల్సిన ఉష్ణోగ్రత) 100 డిగ్రీలు. అదే ఈప్రోమ్‌ను కొత్త బోర్డుకు తగిలిస్తే తెర మీద 25600 అని కనిపించింది. సమీక్షలో ఒక పెద్దాయన, ఒక్క ఫైలు కూడా తెరిచి చూడకుండానే, “పాత కోడ్ ఇన్నేళ్లుగా నడుస్తోంది, తప్పు నీ మార్పుల్లోనే ఉంది” అని అందరి ముందూ తేల్చేశారు. ఇంకొకరు ఈప్రోమ్ పాడైందన్నారు. దాన్ని మార్చి, పాత డేటాను ఎక్కించి చూసినా అదే అంకె. పని తెలియనివాళ్లు తీర్పు చెప్పడానికి ముందుంటారు, చూడడానికి మాత్రం రారు.

నేను ఈప్రోమ్‌లోని బైట్లను నేరుగా చదివాను. 00, ఆ పక్కన 64. హెక్స్‌లో 0064 అంటే సరిగ్గా 100. సి51 సంఖ్యలో ఎక్కువ విలువున్న బైటును ముందు రాస్తుంది, కొత్త చిప్ తక్కువ విలువున్న బైటు ముందుందనుకుని చదువుతుంది. అందుకే 6400, అంటే 25600. తప్పు కోడ్‌ది కాదు, చిప్‌దీ కాదు, రెండింటి అలవాట్లు వేరు. పైగా సి51లో ఒక బైటు, దాని వెంట రెండు బైట్ల సంఖ్య ఉన్న స్ట్రక్చర్ (కొన్ని విలువలను కలిపి ఉంచే కట్ట) మూడు బైట్లే. ఆర్మ్‌లో మధ్యలో ఖాళీ బైటు చేరి నాలుగవుతుంది. స్ట్రక్చర్‌ను ప్యాక్ చేస్తే ఆ ఖాళీ పోతుంది కానీ బైట్ల వరుస మారదు. అందుకే మొత్తాన్ని ఒకేసారి కాపీ చేయడం మానేసి, ఒక్కొక్క బైటునూ చదివి షిఫ్ట్ చేసి కలిపాను. రెండు బోర్డుల బైట్లనూ పక్కపక్కన ముద్రించి ఆ పెద్దాయనకు పంపాను. ఆ గదిలో దీన్ని పట్టుకోగలిగింది నేనొక్కడినే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఆ తర్వాత మైనస్ 5 డిగ్రీలు 251గా కనిపించింది. సి51లో మామూలు చార్‌కు (ఒక బైటు సంఖ్యకు) ప్లస్, మైనస్ గుర్తు ఉంటుంది, కొత్త చిప్‌కు వాడిన ఆర్మ్ జీసీసీ కంపైలర్‌లో ఉండదు. మైనస్ రాగల ప్రతిచోటా సైన్డ్ చార్ అని స్పష్టంగా రాశాక అదీ సర్దుకుంది.