నలుగురికి నానబెట్టిన బొరుగులు

ఈరోజు పొద్దున ఉగ్గాని చేద్దామని బొరుగులు నీళ్ళల్లో వేసేసినాక గుర్తొచ్చింది, ఇంట్లో ఉండేది ఇద్దరమే అని. పెద్దోడు వేరే ఊరికి పోయి రెండేళ్ళయింది, మొన్న ఆదివారం రాత్రి పాపను కూడా కర్నూలు బస్టాండ్‌లో బెంగళూరు బస్సెక్కించి వచ్చినాం, కానీ చెయ్యికి ఆ సంగతి ఇంకా తెలీదు, నలుగురి కొలతే వేస్తుంది. నానిన బొరుగులు ఏం చేస్తాం, నీళ్ళు పిండేసి, తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, సగం గిన్నెలో పెట్టుకుని పక్కింటి అవ్వ దగ్గరికి పోయినా.

అవ్వ గడప మీద కూర్చోనుంది. నా మొగం చూసి ఏం అడగలేదు, ఉగ్గాని నోట్లో వేసుకుని "కారం తక్కువైంది" అనింది. ఆమె అంతే. నేనే ఆపుకోలేక, ఇల్లు ఖాళీగా ఉందవ్వా, పాప రూంలోకి పోబుద్ధి కావడంలే, ఇదెప్పుడు అలవాటైతాదో అని ఏందేందో చెప్పేసినా.

అవ్వది శ్రీశైలం డ్యామ్ నీళ్ళల్లో మునిగిపోయిన ఊరు, సంగమేశ్వరం దగ్గర. 1981లో ఖాళీ చేయించినప్పుడు ఇద్దరు పిల్లోళ్ళను సంకనేసుకుని వచ్చిందంట. ఇది నాకు తెలుసు. తెలీంది ఏందంటే, ఆమె కూర్చున్న గడప పైనుండే తలుపు ఆ ఊరి ఇంటిదే అని. ఇన్నేళ్ళుగా ఆ తలుపు తోసుకుని పోతున్నా, ఒక్కసారి సరిగ్గా చూల్లేదు! ఎద్దులబండి మీద తెచ్చినారంట. ఇక్కడ పెట్టిన ద్వారబంధానికి అది చిన్నదైపోయింది, పక్కన నాలుగువేళ్ళ వెడల్పు చెక్క కొట్టినారు, పాత టేకు నల్లగా, అతికిన చెక్క మాత్రం వేరే రంగు, ఇప్పటికీ తెలుస్తుంది.

"ఊరికి మళ్ళీ పోలేదా అవ్వా" అంటే, ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరుని గుడి బయటపడిన ఏడు పోతానే ఉండె అంట, మోకాళ్ళు బాగున్నన్ని దినాలు. అక్కడ వేపకట్టె లింగానికి దండం పెట్టుకుని, ఎండిన బురదలో నడిచి, ఇది మా కొట్టం, ఇది మా బావి అని లెక్క చూసుకుని వచ్చేదంట. "మళ్ళ వానలొస్తే మునుగుతాది. ముందు ముందు ఏడ్చేదాన్ని. తర్వాత ఎప్పుడు మానేసినానో తెల్దు పాపా, ఒక ఏడు పోయినప్పుడు చూసుకుంటే, ఇంట్లో బర్రెకు గడ్డేసేటోళ్ళు ల్యారే అని ఆ దిగులే ఉండె."

నాకు నవ్వొచ్చింది, ఆమె నవ్వలేదు, నిజంగానే చెప్తాంది. బర్రె ఎప్పుడో పోయింది కూడా.

గిన్నె తీసుకుని వచ్చేటప్పుడు ఆ తలుపు దగ్గరికేద్దామంటే పట్టేసింది. రెండుసార్లు లాగినా రాలేదు. లోపల్నుంచి అవ్వ అరిచింది, "కొంచెం పైకెత్తి లాగు పాపా, అది అట్ల రాదు."

ఎత్తి లాగితే పడింది.