పెళ్లి పందిరి విప్పేశాక పాస్టర్‌కు ఉండే పని

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం 40 రోజులూ చాలా క్రైస్తవ సంఘాల్లో పెళ్లిళ్లు చేయరు. ఈస్టర్ దాటగానే పాస్టర్ గారి డైరీ పెళ్లి తేదీలతో నిండిపోతుంది. పెళ్లి చేయించడం మంచి సేవే. అయితే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు ప్రమాణాలు చేయించి, ఇద్దరు సాక్షులతో రిజిస్టర్‌లో సంతకాలు పెట్టిస్తే ఆ రోజు పని ముగుస్తుంది. సేవలో నిండుదనం కావాలంటే మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లాలి.

గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల జరిగిన ఆదివారం సాయంత్రమే, వాటిని గుడికి రాలేనివాళ్లకు ఇవ్వడానికి బయల్దేరండి. రొట్టెకు మూత గట్టిగా ఉన్న చిన్న స్టీలు డబ్బా, ద్రాక్షరసం సీసా, చెంచా, తెల్లగుడ్డ, పెద్దక్షరాల బైబిలు చాలు. పక్షవాతం వచ్చినవారి విషయంలో జాగ్రత్త. పల్చటి రసం గొంతు తప్పి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నోటితో ఏం తింటున్నారో ముందు ఇంటివాళ్లను అడగండి. దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, గోరంత రొట్టెముక్కను రసంలో తడిపి ఇవ్వండి. ముక్కులో గొట్టం ఉంటే నోటికి ఏమీ ఇవ్వకండి, ప్రార్థన చాలు. మంచం పక్కన నిలబడి మాట్లాడితే రోగి తల ఎత్తలేక అలసిపోతారు. స్టూలు లాక్కుని కూర్చోండి. పేరు పెట్టి పిలవండి. ఒక కీర్తన చదివి చిన్న ప్రార్థన చేస్తే 20 నిమిషాలు పడుతుంది. వచ్చేముందు వంటింట్లో ఉన్న కోడలినో కూతురినో పిలిచి, ఆమె కోసమూ ప్రార్థించండి. రాత్రంతా లేచి పక్క మార్చేది ఆమే. ఒంటరిగా ఉన్న స్త్రీల ఇంటికైతే పాస్టరమ్మ గారినో స్త్రీల సమాజం పెద్దనో తోడు తీసుకెళ్లాలి.

ఒక్కరోజులో ఎనిమిదిళ్లు తిరిగితే చివరి ఇంట్లో మనిషి పేరు కూడా గుర్తురాదు. వారానికి మూడిళ్లు పెట్టుకున్నా 100 కుటుంబాల సంఘం 34 వారాల్లో పూర్తవుతుంది.

చావు జరిగిన ఇంటి విషయంలో చాలామంది ఆ కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థన సభ అయిన ఆదరణ కూడికతో ఆగిపోతారు. బంధువులు ఊళ్లకు వెళ్లాక ఇల్లు బావురుమంటుంది, అప్పుడే వెళ్లాలి. ముందుగా మరణ నమోదు గురించి అడగండి. సమాధి మన సంఘం సమాధుల తోటలోనే చేశాం కదా అని చాలా కుటుంబాలు ఆ సంగతి మరిచిపోతాయి. 21 రోజుల్లోపు చేయించాలి, తర్వాత ఆలస్య రుసుము పడుతుంది. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆ కాగితం లేకుండా వితంతు పెన్షన్ కదలదు. బ్యాంకులో డబ్బూ చేతికి రాదు.

పెళ్లి రిజిస్టర్‌ను బీరువాలోంచి అప్పుడప్పుడు బయటికి తీయండి. భర్త పోయిన అక్కల పెళ్లిరోజులు దాన్లోంచి చూసి డైరీలో రాసుకోండి. పిల్లలకు కూడా గుర్తుండని ఆ తేదీన సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కాసేపు కూర్చోండి. ఆయన గురించి ఆమె చెప్పేది వినండి.