కిరాణా కొట్టుకి ముద్ర లోన్ తెచ్చుకున్నాను: అరువు పుస్తకం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి

మొన్న సోమవారం లోన్ వచ్చింది. మూడు లక్షలు, క్యాష్ క్రెడిట్. కొట్టు చూడడానికి వచ్చిన బ్యాంకు ఆఫీసరు మీద కోపం చల్లారక ముందే ఇది రాసేస్తున్నాను. నాలాగా పల్లెటూళ్లో కొట్టు నడిపే ఆడవాళ్లు చాలామంది బ్యాంకు గడప దాకా వెళ్లి, అక్కడ పడిన మాటకి వెనక్కి వచ్చేస్తున్నారు. వాళ్లకి పనికొస్తుందని.

మాది ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. చుట్టూ పొగాకు, పామాయిల్, మొక్కజొన్న. కొట్టు మా అత్తగారు పెట్టింది, ఆవిడ తర్వాత నేను చూసుకుంటున్నాను. మా దగ్గర ఊళ్లో డబ్బు ఏడాది పొడుగునా ఆడదు. వేలంలో పొగాకు అమ్ముడై రైతు చేతికి డబ్బొస్తేనే కూలీల పాత లెక్కలు తెగుతాయి. అప్పుడే నా పుస్తకంలో బాకీల మీద గీత పడుతుంది. అప్పటిదాకా నూనె, పప్పు, సబ్బు అన్నీ అరువే. నాకేమో జంగారెడ్డిగూడెం హోల్‌సేల్‌లో నగదు పెడితే ఒక రేటు, అరువైతే ఇంకో రేటు. టౌన్లో మార్టులు వచ్చాయి, ఊళ్లోకి వ్యాన్లు వచ్చి అమ్ముతున్నాయి. వాళ్ల ముందు నిలబడాలంటే నేను కూడా నగదుకే కొనాలి. అందుకే లోన్ కావాల్సి వచ్చింది.

ముద్ర అంటే చిన్న వ్యాపారాలకి బ్యాంకుల ద్వారా తాకట్టు లేకుండా లోన్లిప్పించే కేంద్ర ప్రభుత్వ పథకం, 2015లో మొదలైంది. 50 వేల వరకు శిశు, అక్కడి నుంచి 5 లక్షల వరకు కిశోర్, ఆ పైన 10 లక్షల వరకు తరుణ్. నేను అడిగింది కిశోర్. టర్మ్ లోన్ తీసుకోమంటారు గానీ కొట్టుకి క్యాష్ క్రెడిట్టే మేలు. వాడుకున్న డబ్బుకే వడ్డీ పడుతుంది, బాకీలు వసూలైనప్పుడు కట్టేసి సరుకు వేసుకునేటప్పుడు మళ్లీ తీసుకోవచ్చు. నెలనెలా ఒకే వాయిదా అంటే పొగాకు ఊళ్లో కొట్టు నడిపేవాళ్లకి కష్టం.

కాగితాల పని తేలిగ్గానే అయింది. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే మనది చిన్న వ్యాపారమని ప్రభుత్వం దగ్గర నమోదు, ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే అయిపోతుంది, పైసా కట్టక్కర్లేదు. 2021 జులై నుంచి చిల్లర వ్యాపారులకీ ఇస్తున్నారు. తినే సరుకులు అమ్మడానికి కావాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్‌కి నేను కట్టింది ఏడాదికి 100 రూపాయలు. ఈ రెండింటికీ కలిపి నెట్ సెంటర్లో ఒకతను రెండు వేలు అడిగాడు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ల చేత చేయించండి, ఇలాంటివాళ్లకి మాత్రం ఇవ్వకండి. జీఎస్టీ రిటర్నులు తెమ్మంటే కంగారు పడొద్దు. ఆంధ్రలో సరుకులమ్మే వాళ్లకి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. తెలంగాణలో అయితే 20 లక్షలు. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ వాళ్ల ముద్ర ఏడాదికోసారి వేయించాలి. మా కొట్లో ఆ ముద్ర ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఇంకో మాట కూడా చెప్పుకుంటాను. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, పాత స్టాకు పాత రేటుకే అమ్ముకుందాం అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మర్నాటి నుంచే తగ్గించి ఇచ్చాను. డిస్ట్రిబ్యూటర్ తేడా తర్వాత సర్దుబాటు చేశాడు. మా ఊళ్లో జనం అది మర్చిపోలేదు.

ఇక ఇన్‌స్పెక్షన్ సంగతి.

లోన్ ఇచ్చే ముందు కొట్టు చూడడానికి బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు సాయంత్రం పూట వచ్చాడు. కూలికి వెళ్లినవాళ్లు ఆటోలు దిగి ఇంటికి పోకుండా నేరుగా కొట్టుకే వచ్చే వేళ. బల్ల ముందు నిలబడడానికి చోటు లేదు. నేను కుర్చీ వేసి, యూపీఐ స్టేట్‌మెంటు, హోల్‌సేల్ బిల్లులు ఇచ్చాను. తిరగేసి, "ఇందులో సగం అమ్మకమే కనిపిస్తోంది, మిగతాదానికి ప్రూఫ్ ఏదమ్మా?" అన్నాడు. మిగతాది నగదూ అరువూ అని చెప్పాను. గల్లా పెట్టె పక్కనున్న అరువు పుస్తకం నన్ను అడక్కుండానే తీసుకున్నాడు.

వేలు పెట్టి పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. ఇంటిపేరు, పేరు, బాకీ. గొంతు తగ్గించలేదు. "ఈయనెవరు, పదకొండు వేలా? ఎన్నాళ్ల నుంచి ఉంది? ఇది వసూలవుతుందా? ఇదిగో ఇంకోటి, ఆరు వేల మూడొందలు. ఇవన్నీ మొండి బాకీలు కదమ్మా!"

పదకొండు వేల ఆయన అక్కడే ఉన్నాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను. పిన్నికి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ ఇంటి సరుకంతా నేనే రాసుకుంటున్నాను. ఆయన నన్ను ఎప్పుడూ ఇంకా కావాలని అడగలేదు, నేనూ ఎప్పుడిస్తావని అడగలేదు. చేతిలో నూనె ప్యాకెట్టు, అరకిలో కందిపప్పు పొట్లం ఉన్నాయి. రెండూ బల్ల చివర పెట్టాడు. భుజం మీద తువ్వాలు సర్దుకుని వెళ్లిపోయాడు. వెనకున్న ఇద్దరు ఆడవాళ్లు తమ పేర్లు వచ్చేలోపే జరుక్కుంటూ బయటికి పోయారు.

పుస్తకం లాక్కున్నాను. "సార్, ఇందులో ఉన్నది మా ఊరి వాళ్ల పరువు, ఇలా చదవకూడదు" అన్నాను. "పరువు చూసి లోన్లివ్వరమ్మా. మీరు అరువు మానేస్తే మీకసలు లోనే అక్కర్లేదు" అన్నాడు. అంతమందిలో అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అరువు మానేస్తే ఇక్కడ కొట్టే ఉండదు. మా అత్తగారు లెక్కలు రాయడం వచ్చిన దగ్గర్నుంచి ఇంటికింత అని మనసులో హద్దు పెట్టుకునేది, నేనూ అంతే. ఏ ఇంట్లో ఎంతమంది పనికెళ్తున్నారు, ఎవరి పొగాకు ఎప్పుడు వేలానికి పోతుంది, ఎవరి అబ్బాయి హైదరాబాద్ నుంచి పంపిస్తున్నాడు, అన్నీ నాకు తెలుసు. నా దగ్గర బాకీలు ఆలస్యమయ్యాయి గానీ ఎగ్గొట్టిన ఇల్లు వేళ్ల మీద లెక్క. ఏ సిబిల్ స్కోరూ ఈ ఊరి గురించి నాకంటే ఎక్కువ చెప్పలేదు.

మర్నాడు నూనె, పప్పు తీసుకుని బాబాయ్ ఇంటికి వెళ్లాను. "సరుకు మర్చిపోయి వచ్చేశావ్ బాబాయ్" అన్నాను. "బాకీ కట్టాకే వస్తానమ్మా" అన్నాడు, తలెత్తలేదు. పిన్ని పొట్లాలు తీసుకుంది. ఆ వారంలోనే ఆయన మేకలమ్మి సగం బాకీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. వద్దు బాబాయ్, పంట రానీ అంటే వినలేదు. ఇంకొన్ని ఇళ్లవాళ్లు పక్కూరు కొట్టుకి పోవడం మొదలుపెట్టారు. వాళ్లంతా నాకు బాకీ ఉన్నవాళ్లే. అందులో ఒక్కరు కూడా చెడ్డవాళ్లు కాదు, సిగ్గుపడ్డారు. ఒక్కో ఇంటికీ వెళ్లి మాట్లాడుకుని మళ్లీ రప్పించుకోవడానికి నేను పడిన తిప్పలు లోన్ కాగితాల దగ్గర కూడా పడలేదు.

ఇంత చేసి బ్యాంకు వాళ్లు చెప్పిందేమిటంటే, బాకీలు ఎక్కువున్నాయి కాబట్టి బంగారం పెట్టండి, లేదా గవర్నమెంటు ఉద్యోగి ఒకరి చేత సంతకం పెట్టించండి. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఇలాంటి చిన్న లోన్లకి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు రూలు. ముద్ర లోన్లకి వెనక, లోన్ తిరిగి రాకపోతే బ్యాంకుని ఆదుకునే గ్యారంటీ ఫండ్ కూడా ఉంది. అది బ్యాంకు వాళ్లకి తెలియక కాదు. మెడలో పుస్తెలు కనిపిస్తే అడగడం అలవాటు.

నేను చేసిందేమిటంటే, "ఇవ్వం అన్న కారణం రాసివ్వండి" అన్నాను. ఏ లోన్ కాదన్నా ముఖ్యమైన కారణం రాతపూర్వకంగా చెప్పాలి, అదీ రిజర్వ్ బ్యాంకు చెప్పిందే. ఆ మాట అనేసరికి స్వరం మారిపోయింది. ఎవరూ రాసివ్వలేదు. నేనే జరిగిందంతా, పుస్తకం చదివిన సంగతితో సహా, రెండు పేజీలు రాసి బ్రాంచిలో ఇచ్చి కాపీ మీద సీలు వేయించుకున్నాను. అదే కాగితం రీజనల్ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఎలా పెట్టాలో 14448కి ఫోన్ చేస్తే చెప్తారు. నాకు అంతదాకా పోవాల్సిన పని పడలేదు. వేరే ఆఫీసరు వచ్చాడు, పొద్దున్నే, జనం లేనప్పుడు. స్టాకు చూశాడు, బిల్లులు చూశాడు, యూపీఐ అమ్మకాల లెక్క వేసుకున్నాడు, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. అరువు పుస్తకం ఊసే ఎత్తలేదు. మొదటాయనకి ఆ పుస్తకం ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మీరు లోన్‌కి పెట్టేవాళ్లయితే ముందు కొట్టు క్యూఆర్ కోడ్ మీ పేరున్న అకౌంటుకే పెట్టించుకోండి. మీ ఆయన పేరు మీదో, అబ్బాయి పేరు మీదో ఉంటే ఆ అమ్మకమంతా మీ లెక్కలోకి రాదు. ప్రతి హోల్‌సేల్ బిల్లూ దాచండి, తెల్ల కాగితం మీద రాసిచ్చినా సరే. అరువు లెక్క అడిగితే మొత్తం ఎంత రావాలి, గత సీజన్లో ఎంత వసూలైంది, ఆ రెండు అంకెలు ఒక కాగితం మీద రాసివ్వండి. పేర్లు ఇవ్వకండి. నేను ఇప్పుడు పుస్తకంలో పేర్ల బదులు ఇంటికో నంబరు వేస్తున్నాను, ఆ నంబర్ల కాగితం బీరువాలో ఉంటుంది.

శాంక్షన్ రోజు సంతకాలు పెట్టే కాగితాలు చదవనివ్వకుండా తొందరపెడతారు. కూర్చుని చదవండి. నా కాగితాల మధ్య ఒక జీవిత బీమా పాలసీ ఫారం పెట్టారు, ప్రీమియం లోన్లోంచే కోసుకుంటామన్నారు. సరుకుకి ఇన్సూరెన్స్ అడిగితే కట్టండి, నిప్పు పడితే మనకే అక్కరకొస్తుంది. జీవిత బీమా మాత్రం లోన్‌కి తప్పనిసరి కాదు. ఆ ఫారం తీసి పక్కన పెట్టాను, మిగతావాటి మీద సంతకం చేశాను, లోన్ వచ్చింది.