మంచం దిగాకే నడుం దారికొచ్చింది

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్లకి తుమ్ములు కొత్త కాదు. తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) విప్పారంటే ఘాటు తలకెక్కుతుంది. కమీషన్ కొట్లో లెక్కలు రాసే నాకు సీజన్ అంతా చేతిలో రుమాలు ఉండాల్సిందే. నడుం నొప్పి వచ్చాక ఆ తుమ్ములే నాకు చుక్కలు చూపించాయి. తుమ్ము వస్తోందనగానే బల్లో, గోడో, ఏది దొరికితే అది పట్టుకునేవాణ్ణి. తుమ్మగానే నడుంలో పుట్టిన పోటు పిర్ర మీదుగా ఎడమ పిక్క దాకా సర్రున దిగేది.

"ఏం మోశావు?" అని అందరూ అడిగేవారు. 40 కిలోల టిక్కీలు మోసేది హమాలీలు. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీలో ముందుకు వంగి పట్టీలు (లెక్క చీటీలు) రాస్తాను, అంతే.

ఇంట్లో ముందు కండ పట్టిందనుకున్నారు. అమ్మ ఆముదం రాయించి కాపడం పెట్టించింది. అక్కడితో ఆగలేదు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పట్టు వదులుతుందని వీధి చివర ఇస్త్రీ బండి కుర్రాణ్ణి పిలిపించింది. వాడు సిగ్గుపడిపోతూ నా నడుం మీద కాలు ఆనించి, "అయిపోయింది బాబాయ్" అని పారిపోయాడు. నొప్పి ఎక్కడికీ పోలేదు. కాపడానికి మాత్రం కాసేపు హాయిగా ఉండేది.

తర్వాత మంచం ఎక్కించారు. కదిలితే నరం నొక్కుకుంటుందని ఎవరో అన్నారు, అందరూ ఖాయం చేశారు. ఈలోగా ఎమ్మారై తీయించాం. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుంలోని నాలుగు, ఐదు వెన్నుపూసల మధ్య డిస్క్ ఉబ్బిందని, అరుగుదల ఉందని రిపోర్టు. ఆ కాగితం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆవిడ "ఆపరేషన్ అంటారేమోనండీ" అని ఒకటే టెన్షన్.

కొత్తపేటలో చూపించుకున్న డాక్టరు గారు రిపోర్టు పక్కన పెట్టి ముందు నన్ను చూశారు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా ఎడమకాలు పైకెత్తారు. సగం లేచేసరికి పిక్కలోకి షాక్ కొట్టింది. మడమల మీద నడవమన్నారు, మునివేళ్ల మీద నడవమన్నారు, బొటనవేలు నొక్కిపట్టి పైకి లేపమన్నారు. తర్వాత అడిగిన ప్రశ్నలకి కాస్త కంగారుపడ్డాను: మూత్రం వస్తున్నట్టు తెలుస్తోందా? మలమూత్రాలు ఆపుకోగలుగుతున్నారా? తొడల మధ్య మొద్దుబారిందా? జ్వరం గానీ, కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉందా? వీటిలో ఏదన్నా తేడా ఉంటే కథ వేరేనట. మూత్రం మీద అదుపు పోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా, పాదం వేలాడిపోతున్నా ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలి. నాకు అవేవీ లేవు.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది. చుట్టూ ఉన్న పొర బలహీనపడితే గుజ్జు వెనక్కి తోసుకొచ్చి కాలికి వెళ్లే నరాన్ని ఒరుసుకుంటుంది, అక్కడ వాపు పుడుతుంది. తుమ్మినా దగ్గినా లోపల ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి పోటు కాలిదాకా పాకుతుంది. తోసుకొచ్చిన ఆ గుజ్జు చాలామందిలో వారాల్లోనో నెలల్లోనో తనంతట తనే కుంచించుకుపోతుందని ఆయన చెప్పాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఇక రిపోర్టు సంగతి: ఏ నొప్పీ లేనివాళ్లకి తీసిన స్కానుల్ని గుదిగుచ్చి చూసిన 2015 నాటి పరిశీలనలో, 40 ఏళ్లవాళ్లలో సగం మందికి డిస్కు ఉబ్బే ఉంది. ఇది కదా ఆ కాగితం కిందే అచ్చువేయాల్సింది!

మంచం దిగి కదలమన్నారు. మందులు కొద్దిరోజులకే రాశారు, అన్నం తిన్నాకే వేసుకోమన్నారు. అసలు వైద్యం ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గర జరిగింది. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపమంది. నడుం నొప్పి ఎక్కువైంది, కానీ పిక్కలో తగ్గింది. నేను హడలిపోతే ఆ అమ్మాయి సంబరపడింది. "నొప్పి కాల్లోంచి పైకి వస్తోందంటే మంచిదేనండీ, కిందికి దిగితే చెప్పండి, ఆపేద్దాం." అప్పటినుంచి రోజూ నొప్పి ఎంతుందని కాదు, ఎక్కడిదాకా ఉందని చూసుకోవడం అలవాటైంది. పిక్క నుంచి మోకాలికి, మోకాలి నుంచి పిర్రకి వచ్చింది. మధ్యలో ఒక వారం మళ్లీ పిక్కలోకి దిగి ఏడిపించింది.

నడుం బెల్టు అడిగితే ఆ ఫిజియో అమ్మాయి పెద్దగా ఒప్పుకోలేదు. మూడు నెలలు దాటిన మామూలు నడుం నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (బరువు కట్టి నడుం లాగడం) వద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది, వ్యాయామం చెయ్యమంది. మా యార్డులో మాత్రం బెల్టు లేనివాడి నొప్పిని నొప్పిగా లెక్కెయ్యరు!

నడక ఇంటి వరండాలో మొదలుపెట్టి బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియం దాకా వచ్చాను. అక్కడ నడిచేవాళ్లలో సగం మందికి ఏదో ఒక డిస్కు కథ ఉంది, పలకరిస్తే చాలు, చెబుతారు. నడుం ఎత్తే వ్యాయామం, చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి ఒకవైపు చెయ్యీ రెండోవైపు కాలూ చాచడం తర్వాత కలిశాయి. వేసవి సెలవులకి యార్డు మూయడం నాకు కలిసొచ్చింది.

ఇప్పుడు కొట్లో ఎత్తు బల్ల దగ్గర నిలబడి కొన్ని పట్టీలు, కూర్చుని కొన్ని రాస్తున్నాను. పొద్దున లేవగానే బిగుసుకున్నట్టుంటుంది, పది అడుగులు వేస్తే సర్దుకుంటుంది. గ్యాస్ సిలిండర్ మళ్లీ నేనే లోపల పెడుతున్నాను, ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోకాళ్లు వంచి. అమ్మ ఊళ్లో ఉంటే మాత్రం ఇస్త్రీ బండి కుర్రాణ్ణి కేకేస్తుంది.